రాత్రి సముద్రంలో తేలే దుంగలు, తెగిన వలల నుంచి బోటును కాపాడుకోవడం ఎలా?

కాకినాడ వైపు ఫైబర్ బోట్లకు ప్యాచ్‌లు వేసే పని నాది. జూన్ 14తో వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగిన నెలన్నరకల్లా షెడ్డు ముందు పగిలిన బోట్లు వరస కడతాయి. వచ్చినవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: "రాత్రి దుంగలు కనబడాలంటే ఏ లైటు కొనాలన్నా?" ఫోన్ చేసేవాళ్లదీ అదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

లైటు గురించి చెబుతాను. కానీ అది మూడో విషయం. ఆ రాత్రి ఏ దారిన వెళ్తున్నారన్నది మొదటిది, ఎంత వేగంతో వెళ్తున్నారన్నది రెండోది. ముక్కు పగిలి నా దగ్గరికి వచ్చిన బోట్లలో చాలావాటికి మంచి లైటే ఉంది. లైటు చూపించిన దూరంలో బోటు ఆగలేకపోయింది.

ఇంజను బిగించిన 20 నుంచి 30 అడుగుల ఫైబర్ బోట్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద మర బోట్లు నడిపే సరంగులకు కూడా కాపలా, లైట్లు, తగిలిన తర్వాత చేయాల్సిన పనుల గురించిన భాగాలు ఉపయోగపడతాయి.

ఏమేం తేలుతుంటాయి

మన తీరంలో మొదటి శత్రువు గోదావరి వరద తెచ్చే చెట్లు. అడవిలో కూలిన మానులు వేళ్లతో సహా కొట్టుకొచ్చి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలో పడతాయి. కొన్నాళ్లు నానిన దుంగ నీటి మట్టానికి సమానంగా, పైకి బెత్తెడు కూడా కనబడకుండా తేలుతుంది. బరువు ఒక వైపే ఉన్న మోడు నిలువుగా నిలబడి కెరటంతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. నాకు అన్నిటికన్నా భయం దీనిని చూస్తేనే. పల్లంలో కెరటం దిగినప్పుడు మాత్రమే తల బయటపెడుతుంది.

తర్వాత తెగిన వలలు, నైలాన్ తాళ్లు. ఇవి బోటును పగలగొట్టవు, ప్రొపెల్లర్‌ను పట్టేస్తాయి. గుర్రపు డెక్క దిబ్బలు చూడటానికి మెత్తగా ఉన్నా వాటి మధ్యలో వెదుళ్లు, కొమ్మలు దాక్కుని ఉంటాయి. ఇంకా ఖాళీ డ్రమ్ములు, విరిగిన తెప్పలు, తెగిపోయిన బోయాలు ఉంటాయి.

పెద్దవి కూడా వస్తాయి. 2022 మేలో అసని తుపాను సమయంలో శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. జనం దాన్ని వింతగా చూశారు. నాకైతే అది ఒడ్డుకు చేరకముందు ఎన్ని రాత్రులు చీకట్లో తేలుతూ ఉందోనన్న ఆలోచనే వచ్చింది. 2025 మే 25న కొచ్చి తీరానికి దూరంగా ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే నౌక 640 కంటైనర్లతో మునిగిపోయింది. వాటిలో కొన్ని కేరళ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పడమటి తీరం బోట్లలో పనికి వెళ్లేవాళ్లు ఎంతోమంది ఉన్నారు, అందుకే ఈ మాట చెబుతున్నాను. కంటైనర్ పొడవు 20 అడుగులో 40 అడుగులో ఉంటుంది. సగం మునిగినదాని పైభాగం కొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. మూలలు ఉక్కువి. ఫైబర్ బోటు దానికి తగిలితే ప్యాచ్ వేసే పని నాకు మిగలదు.

దగ్గర ఉండాల్సినవి

మనిషికొక లైఫ్ జాకెట్, అది ఒంటిమీద ఉండాలి, తలకింద దిండుగా కాదు. చేత్తో పట్టుకునే ఎల్‌ఈడీ సెర్చ్‌లైటు ఒకటి, విడిగా బ్యాటరీ ఉన్న టార్చిలు రెండు, వాటిలో ఒకటి ఎర్రటి వెలుగుది అయితే మంచిది (మామూలు టార్చి అద్దానికి ఎర్ర కాగితం అంటించినా సరిపోతుంది). బోటుకు తాడుతో కట్టి ఉంచిన పదునైన కత్తి. చివర కొక్కెం ఉన్న పొడవాటి వెదురు. తెడ్లు. లంగరు, సరిపడా తాడు. రెండు బకెట్లు. తూటు మూయడానికి పాత గుడ్డలు, కొబ్బరి పీచు, రెండు మూడు సైజుల్లో చెక్కిన మెత్తటి చెక్క బిరడాలు, నాలుగు మూలలా తాళ్లు కట్టిన టార్పాలిన్ ముక్క. ప్రొపెల్లర్‌కు విడి పిన్ను, దానికి సరిపోయే పానా. జీపీఎస్. వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు. ప్రమాద సంకేతం పంపే డ్యాట్ గానీ ట్రాన్స్‌పాండర్ గానీ. నీళ్లు పోని కవరులో ఫోన్.

సామాను ఉండటం ఒక్కటే చాలదు. చీకట్లో, ఒంటి చేత్తో, పది లెక్కపెట్టేలోగా కత్తి మీ చేతికి రావాలి. బయల్దేరే ముందు ఒకసారి కళ్లు మూసుకుని తీసి చూడండి. రాకపోతే చోటు మార్చండి.

చేయాల్సిన పని, వరసగా

1. బయల్దేరేది పగలే నిర్ణయించుకోండి

గోదావరి మొగల నుంచి, వాటి దగ్గరి రేవుల నుంచి వెళ్లేవాళ్లు వాతావరణంతో పాటు వరద మట్టం కూడా చూడాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగుల దగ్గర ఇస్తారు. టీవీలో ఆ మాట వినబడిందంటే చెట్లు దారిలో ఉన్నాయని అర్థం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఆ ప్రవాహం ఎన్ని మానులను మోసుకొచ్చిందో ఒడ్డున ఉన్నవాళ్లందరం చూశాం.

నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది: మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి, అది ఎత్తేసిన తర్వాత ఇంకో వారం దాకా మొగను చీకట్లో దాటను. ఇక్కడే చాలామంది పొరపడతారు. వరద తగ్గింది కదా అని వెంటనే బయల్దేరతారు. వరద తగ్గాక కూడా లంకల్లో చిక్కుకున్న దుంగలు పోటు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా ఊడి వస్తూనే ఉంటాయి.

తుపాను తర్వాత కూడా అంతే. గాలి ఆగిన రెండో రోజు సముద్రం అద్దంలా ఉంటుంది, చేపలూ దొరుకుతాయి. చెత్త ఎక్కువగా ఉండేదీ అప్పుడే.

ఆ ఉదయం తిరిగొచ్చిన బోట్లవాళ్లను తప్పకుండా అడగండి. "చెత్త ఉందా" అని అడిగితే "ఉంది" అంటారు, దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు. "ఎన్ని బారల లోతులో, ఏ దిక్కున, ఏ సమయానికి చూశావు?" అని అడగండి.

*వేరే దారి:* తెల్లవారుజామున వేట స్థలానికి చేరాలంటే, మొగను పగలే దాటి బయట లంగరేసి ఉండవచ్చు. డీజిల్ ఖర్చు కాదు, నిద్ర మాత్రం కొంచెం పాడవుతుంది. ఓడలు తిరిగే దారిలో గానీ, రేవు ముఖద్వారంలో గానీ లంగరు వేయకండి. వేసిన చోట లంగరు దీపం వెలిగించి ఉంచండి.

2. బోటు ఎంత దూరంలో ఆగుతుందో కొలవండి

ఇది చేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. అందరూ ఇంజను ఎన్ని హార్స్‌పవరో చెబుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగితే నవ్వుతారు.

పగటిపూట, ఎవరూ లేని చోట ఒక బెండు నీటిలో వేయండి. మామూలుగా వెళ్లే వేగంతో దాని పక్కకు రండి. బెండు పక్కకు రాగానే ముందున్న మనిషి అరవాలి, ఆ అరుపు విన్నాకే వెనకున్నవాడు ఇంజను న్యూట్రల్ చేయాలి. బోటు దాదాపు ఆగేసరికి బెండు ఎంత వెనక ఉందో మీ బోటు పొడవుతో అంచనా వేయండి. ఇదే మీ ఆగే దూరం. నిండు సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి చేయండి. సరుకుతో ఉన్న బోటు ఇంకా చాలా దూరం జారుతుంది.

ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క. 8 నాట్ల వేగమంటే సెకనుకు దాదాపు 4 మీటర్లు. చూసి, అరిచి, విని, చేయి కదిలేసరికి 3 సెకన్లు. అంటే ఇంజను తగ్గకముందే 12 మీటర్లు అయిపోయాయి. 15 నాట్లకైతే 23 మీటర్లు. జారేది దీనికి అదనం.

ఇప్పుడు రెండో సగం. ఒక ఐదు లీటర్ల నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ముప్పాతిక నీళ్లు పోసి, తాడు కట్టి, చీకటి పడ్డాక నీటిలో వదలండి. మీ లైటుతో అది ఎంత దూరం నుంచి కనబడుతోందో చూడండి. తెల్ల డబ్బాతో చేయకండి. తెల్లది ఎవరికైనా కనబడుతుంది, నానిన దుంగ మాత్రం నల్లగా ఉంటుంది. పని అయ్యాక ఆ డబ్బా తీసేయండి, లేదంటే రేపు అదే ఇంకొకరి దారిలో చెత్త అవుతుంది.

*సరిచూసుకోవడం:* కనబడే దూరంలో సగానికే బోటు ఆగగలగాలి. డబ్బా 40 మీటర్ల నుంచి కనబడితే 20 మీటర్లలో ఆగే వేగమే ఆ రాత్రికి మీ వేగం. కెరటం ఎక్కువైనా, వాన పడినా ఇంకా తగ్గించండి.

3. ముక్కు దగ్గర మనిషిని కూర్చోబెట్టండి

ఇంజను పట్టుకున్నవాడు వెనక ఉంటాడు. సరుకు, వలకుప్ప, మనుషుల తలలు, పైకి లేచిన ముక్కు, ఇన్నిటి మీదుగా అతనికి ముందున్న నీరు కనబడదు. అందుకే ముందు ఒకరు ఉండాలి. నిలబడకూడదు, కూర్చోవాలి. తగిలిన కుదుపుకు ముందుకు పడేది మొదట అతనే. నడుముకు కట్టిన చిన్న తాడు బోటుకు తగిలించి ఉంచండి.

అరగంటకొకసారి మనిషి మారాలి. అంతకు మించితే కళ్లు తెరిచే ఉంటాయి కానీ చూడవు. వల లాగి అలసిన కుర్రాడిని తిరుగు ప్రయాణంలో ముందు కూర్చోబెట్టడం మామూలే. నాకు తెలిసి ఎక్కువ దెబ్బలు ఆ తిరుగు ప్రయాణంలోనే తగులుతాయి: సరుకు ఉంది, ఇంటికి వెళ్లాలన్న తొందర ఉంది, నిద్ర ఉంది.

కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర చూస్తే అదంతా పోతుంది. ముందున్న మనిషి దగ్గర ఫోన్ ఉండకూడదు. ఇంకొక కిటుకు: చీకట్లో ఏదో ఉన్నట్టు అనిపిస్తే దాన్ని సూటిగా చూడకండి, కొంచెం పక్కకు చూడండి. చీకట్లో కంటి మధ్యభాగం కన్నా అంచులే బాగా పనిచేస్తాయి.

మాట కూడా ముందే అనుకోవాలి. "అదిగో, అదిగో" అంటే వెనకవాడికి ఎటు తిప్పాలో తెలియదు. "ఎడమ, దగ్గర", "కుడి, దూరం", "ఆపు", ఈ మూడు మాటలు చాలు. ఇంజను చప్పుడులో వినబడకపోవచ్చు, అందుకని చేయి సైగలు కూడా అనుకోండి. లేదా ఎర్ర టార్చిని ఆ వైపు చూపించమనండి.

4. ఇక లైటు

అందరూ అడిగే ప్రశ్నకు జవాబు: ఏ కంపెనీదన్నది పెద్ద విషయం కాదు. వెలుగు వెడల్పుగా చిమ్మేది కాకుండా సన్నగా, దూరంగా వెళ్లేది కావాలి. నీళ్లు పోనిది కావాలి. దాన్ని ఎక్కడ పెడతారన్నది అన్నిటికన్నా ముఖ్యం.

బోటు వెనక కర్రకు కట్టిన లైటు మొదట మీ ముక్కును, వలకుప్పను, ఎగిసే తుంపరను వెలిగిస్తుంది. తెల్లటి ఫైబర్ మీద పడ్డ ఆ వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. దాని అవతల అంతా నల్లటి గోడ. షెడ్డుకు వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది ఇలాగే కడతారు. లైటు ముక్కు కొస దగ్గర, బోటులో ఏ భాగం మీదా వెలుగు పడకుండా ఉండాలి. చేత్తో పట్టుకుంటే చేయి బోటు అంచు దాటి బయటికి చాచాలి.

వెలుగును నీటికి ఏటవాలుగా, తక్కువ ఎత్తులో వేయండి. అప్పుడు దుంగ నీడ పడుతుంది, కెరటానికి నీడ కదులుతుంది, దుంగ నీడ కదలదు. ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పి, ఆర్పి, కాసేపు చీకట్లో చూసి, మళ్లీ వేయండి. మంచు, జడివాన ఉంటే లైటు పనికిరాదు, తెల్లటి తెర తప్ప ఏమీ కనబడదు. అప్పుడు వేగం తగ్గించడం తప్ప వేరే మార్గం లేదు.

ఎదురొచ్చే బోటు మీద సెర్చ్‌లైటు వేయకండి. అరగంట కష్టపడి చీకటికి అలవాటు చేసుకున్న అతని కళ్లు మీ వల్ల పోతాయి.

సెర్చ్‌లైటు ఉంది కదా అని ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ, తెల్ల దీపాలు ఆర్పేయడం ఇంకో పొరపాటు. సెర్చ్‌లైటు మీరు చూడటానికి. ఆ దీపాలు మిమ్మల్ని ఓడ చూడటానికి.

వెన్నెల రాత్రుల్లో లైటు లేకుండానే బాగా కనబడే దిక్కు ఒకటుంది. చంద్రుడి కింద నీటి మీద మెరిసే బాట పడుతుంది కదా, అందులో ఏది తేలినా నల్లటి మచ్చలా తెలుస్తుంది. అవతలి వైపు అలా తెలియదు కాబట్టి లైటు అక్కడ వేయండి.

5. చెత్త పోగయ్యే చోట్లు పసిగట్టండి

చెత్త సముద్రమంతా సమంగా పరుచుకుని ఉండదు. రెండు నీళ్లు కలిసే చోట గీతగా పేరుకుంటుంది. ఏటి నీరు, సముద్రపు నీరు కలిసేచోట పగలైతే రంగు మారడం, పొడవాటి నురగ గీత కనిపిస్తాయి. రాత్రి ఆ రంగు తెలియదు. వేరే గుర్తులు ఉన్నాయి: బోటు కింద కెరటం తీరు ఒక్కసారిగా మారుతుంది, కుళ్లిన ఆకుల వాసన వస్తుంది, లైటులో నురగ బుడగలు, ఆకులు, పుల్లలు కనబడతాయి. పుల్లలు కనబడ్డాయంటే వాటి వెనకే మాను ఉందనుకుని ఇంజను తగ్గించండి.

గీతను పొడవునా అనుసరించి వెళ్లకండి. నెమ్మదిగా, అడ్డంగా, సూటిగా దాటేయండి. మొగ దగ్గరైతే ఆటు వేళ, అంటే నీరు సముద్రంలోకి లాగే వేళ, చెత్త బయటికి వస్తుంది. పోటు మొదలయ్యాక దాటితే కొంత నయం.

దుంగల కింద చేపలు చేరతాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాత్రి దుంగ కనబడితే దాని జీపీఎస్ గుర్తు పెట్టుకుని దూరంగా ఉండండి. తెల్లారాక వెళ్లండి. కలప కోసం దుంగకు తాడు కట్టి చీకట్లో లాక్కురావడం మాత్రం వద్దే వద్దు. కెరటం మీద అది మీ బోటు వెనక భాగాన్ని గుద్దుతుంది. అలా ఇంజను బిగించే పలక ఊడిన బోటుకు నేను పని చేశాను.

రాడార్ ఉన్న మర బోట్లవాళ్లకు ఒక మాట. నీటి మట్టానికి తేలే చెక్క రాడార్‌లో దాదాపుగా కనబడదు, కెరటాల గీతల్లో కలిసిపోతుంది. ఓడల గుర్తులు చూపించే ఏఐఎస్ పరికరంలో దుంగలు, కంటైనర్లు రానే రావు. తెర ఖాళీగా ఉందంటే సముద్రం ఖాళీగా ఉందని కాదు.

6. కనబడింది. ఇప్పుడు?

ముందు న్యూట్రల్. తిప్పడం ఆ తర్వాత. వేగంలో ఒక్కసారిగా తిప్పితే బోటు ముక్కు తప్పుకుంటుంది, వెనక భాగం బయటికి ఊగి, ప్రొపెల్లర్ సరిగ్గా దుంగ మీదికే వెళ్తుంది. మరీ దగ్గరైతే తిప్పకుండా న్యూట్రల్‌లోనే, ప్రొపెల్లర్ ఆగి ఉండగా దాని మీదుగా జారిపోవడం తక్కువ నష్టం. ఔట్‌బోర్డ్ ఇంజనైనా, పొడవు షాఫ్టు ఇంజనైనా సమయం ఉంటే పైకి ఎత్తేయండి.

దూరంగా ఉంటే ఏ పక్క నుంచి దాటాలి? గాలి ఎటు పోతోందో ఆ పక్క నుంచి, అంటే గాలి దుంగను దాటి మీ వైపు వచ్చేలా. దుంగకు, డ్రమ్ముకు చిక్కుకున్న తాళ్లు, వల ముక్కలు సాధారణంగా గాలి వచ్చే వైపు సాగి ఉంటాయి. ఇంజను ఆగినా, మీ తేలికైన బోటును గాలి దుంగ నుంచి దూరంగా నెడుతుంది. కనీసం నాలుగైదు బోటు పొడవుల దూరం వదలండి. కంటైనర్ అనిపిస్తే ఇంకా ఎక్కువ. అలాంటి పెట్టెలు కనబడినా, వాటి నుంచి సంచులు, పీపాలు తేలుతున్నా ముట్టుకోకండి. ఎల్సా 3లో 12 కంటైనర్లలో కాల్షియం కార్బైడ్ ఉంది, అది నీటితో కలిస్తే మండే వాయువు పుడుతుంది.

ఒక దుంగ తప్పించుకున్నాక మళ్లీ వేగం పెంచకండి. అవి గుంపుగా వస్తాయి.

7. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే

ఇంజను గొంతు మారుతుంది, బరువెక్కినట్టు మూలుగుతుంది. వెంటనే ఆపండి. "ఇంకొంచెం రేజ్ చేస్తే తెగిపోతుంది" అనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. నైలాన్ వేడికి కరిగి షాఫ్టు చుట్టూ ముద్దయిపోతుంది, సీలు పోతుంది.

ఆపాక వరస ఇది. ముక్కు నుంచి లంగరు వేయండి. లోతు ఎక్కువైతే తాడుకు కట్టిన బకెట్టో, వల ముక్కో ముక్కు నుంచి వదలండి, అప్పుడు బోటు కెరటానికి ఎదురుగా నిలబడుతుంది. ఇంజను తాళం, లేదా ఆపే తాడు, పని చేసే మనిషి జేబులో ఉండాలి. ఇంజను పైకి ఎత్తండి. ప్రొపెల్లర్‌ను చేత్తో వెనక్కి, చుట్టుకున్న దిశకు ఎదురుగా తిప్పుతూ తాడు లాగండి. రాకపోతే కోయండి, కత్తి మొన మీ వైపు కాకుండా బయటికి ఉండాలి.

చీకట్లో నీటిలోకి దిగకండి. తాడు కాలికి చుట్టుకుంటే పైకి రాలేరు, కెరటానికి బోటు వెనక భాగం నెత్తిన పడుతుంది. పైనుంచి కాకపోతే తెల్లారేదాకా ఆగండి, సాయం అడగండి.

కోసిన వల సముద్రంలో వదలొద్దు. బోటులో వేసుకుని ఒడ్డుకు తీసుకురండి.

8. తగిలితే

మొదటి నిమిషం: ఇంజను న్యూట్రల్. మనుషులను పేరు పెట్టి పిలిచి లెక్కపెట్టండి. జాకెట్లు చూడండి. ఆ తర్వాతే అడుగు పలకలు ఎత్తి నీరు వస్తోందేమో చూడండి. చాలామంది ముందు ఇంజను వైపు పరిగెడతారు, ఈలోగా నీటిలో పడ్డవాడు వెనకపడిపోతాడు.

రెండు అంగుళాల తూటు నీటి మట్టానికి ఒక అడుగు కింద ఉంటే నిమిషానికి 170 లీటర్ల దాకా నీరు వస్తుంది. 15 లీటర్ల బకెట్‌తో నిమిషానికి పదకొండు, పన్నెండు సార్లు తోడాలి. ఎంత బలవంతుడైనా పది నిమిషాలకు అలసిపోతాడు. కాబట్టి తోడటం ఒకరి పని, మూయడం ఇంకొకరి పని, రెండూ ఒకేసారి.

తూటు ముక్కు దగ్గరైతే అందరూ వెనక్కి రండి, లంగరు, ఐసు, సరుకు వెనక్కి జరపండి. ఎడమ పక్కనైతే బరువు కుడికి. తూటు నీటి పైకి వస్తే సగం పని అయినట్టే. లోపల నుంచి గుడ్డ చుట్టిన చెక్క బిరడా దిగ్గొట్టండి, సుత్తితో బలంగా బాదితే మాత్రం ఫైబర్ ఇంకా చీలుతుంది, అదిమి తిప్పాలి. పొడవాటి పగులైతే టార్పాలిన్‌ను ముక్కు కింద నుంచి బయటివైపు లాగి నాలుగు తాళ్లూ బిగించండి. నీటి ఒత్తిడే దాన్ని పగులుకు అదిమి పెడుతుంది. చేపలు, వల కన్నా ప్రాణం ముఖ్యం, అవసరమైతే బరువు సముద్రంలో పారేయండి.

*సరిచూసుకోవడం:* మూశాక అడుగున నీటి మట్టం దగ్గర ఒక గీత గీయండి. ఐదు నిమిషాలు తోడకుండా చూడండి. గీత మునగకపోతే నెమ్మదిగా ఒడ్డు వైపు బయల్దేరవచ్చు. మునిగితే కదలకుండా సాయం పిలవండి, ముందుకు వెళ్లే వేగమే నీటిని లోపలికి తోస్తుంది.

9. సాయం అడగడం, ఇతరులకు చెప్పడం

వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్. మునిగే ప్రమాదమైతే "మేడే" అని మూడుసార్లు. ఇంజను ఆగి కొట్టుకుపోతున్నారు కానీ వెంటనే మునగరంటే "పాన్ పాన్" మూడుసార్లు. మీకేమీ కాలేదు, దారిలో ప్రమాదకరమైన దుంగ గానీ కంటైనర్ గానీ చూశారంటే "సెక్యూరిటే" మూడుసార్లు చెప్పి దాని చోటు చెప్పండి. ఓడల కెప్టెన్లకు ఇలా చెప్పడం అంతర్జాతీయ నిబంధన ప్రకారం తప్పనిసరి. మనమూ చెబుదాం, వెనక వచ్చేది మన ఊరి బోటే. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసులు 1093. సిగ్నల్ లేకపోతే డ్యాట్ మీట నొక్కండి.

జీపీఎస్ అంకెలు చెప్పేటప్పుడు ఒక తప్పు తరచుగా జరుగుతుంది. కొన్ని పరికరాలు 16 డిగ్రీల 30 నిమిషాలు అని చూపిస్తాయి, కొన్ని 16.50 డిగ్రీలు అని. రెండూ ఒకటే చోటు. 16.50ని "16 డిగ్రీల 50 నిమిషాలు" అని చదివితే సాయానికి వచ్చే బోటు 20 నాటికల్ మైళ్లు ఉత్తరానికి వెళ్లిపోతుంది. మీ పరికరం ఎలా చూపిస్తుందో ఇప్పుడే చూసి, స్కెచ్ పెన్నుతో దాని మీదే రాసి పెట్టుకోండి.

10. మర్నాడు పగలు బోటు చూసుకోండి

"నీళ్లు రావట్లేదు కదా" అని వదిలేసిన బోట్లే నెల తర్వాత నా దగ్గరికి పెద్ద ఖర్చుతో వస్తాయి. పైపూతలో సాలెగూడులా సన్నటి చీలికలు కనబడితే లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు. ఒక రూపాయి బిళ్లతో తగిలిన చోటు చుట్టూ తట్టుకుంటూ రండి. గట్టి ఫైబర్ టంగుమంటుంది. పొరలు విడిన చోట చప్పుడు మందంగా, బోలుగా వస్తుంది. ఆ చప్పుడు మారే అంచు పొడవునా పెన్సిల్‌తో గీత గీసుకుని రండి, ప్యాచ్ అంతకంటే అరచేయి వెడల్పు ఎక్కువ వేయాలి.

పైనుంచి రెజిన్ పూసి రంగు వేసేస్తే సరిపోదు. లోపలికి వెళ్లిన ఉప్పునీరు ఆరకుండా ప్యాచ్ వేస్తే అది పట్టదు. మంచినీళ్లతో కడిగి, విడిన పొర గీసేసి, పూర్తిగా ఆరనిచ్చాకే వేయించండి.

ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, పక్కన ఒక పుల్లను కదలకుండా పట్టుకోండి. మూడు రెక్కల కొసలూ పుల్లకు ఒకే దూరంలో వెళ్లాలి. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా వెళ్తే రెక్క గానీ షాఫ్టు గానీ వంగింది. ఒక రెక్కే తేడాగా ఉంటే రెక్క వంగినట్టు, మొత్తం గుండ్రంగా ఊగితే షాఫ్టు వంగినట్టు. షాఫ్టు వంగిన ఇంజనుతో రాత్రి వేటకు వెళ్లకండి.

చివరగా, మీ వలల బెండ్లకు, జెండా కర్రలకు వెలుగు పడితే మెరిసే టేపు చుట్టండి. లారీల వెనక అంటిస్తారే, అదే. తెగి కొట్టుకుపోయిన మీ వల ఎవరి బోటు ముందు తేలినా వాళ్ల లైటుకు మెరుస్తుంది. షెడ్డుకు వచ్చే ప్రతి బోటుకూ రెండు మూరల టేపు నేనే ఇచ్చి పంపుతున్నాను.